శవానికి చందాలు, బతికున్నోడికి ఎగ్జిట్ టికెట్టా?

పోస్టు పొడుగుంటది. చాయ్ పెట్టుకొని చదవండి, లేకపోతే సేవ్ చేసుకొని సెలవు రోజు చదవండి. సగం చదివి కామెంట్లలో కొట్లాటకు మాత్రం రాకండి.

మన సంఘాలకు ఒక పని బాగా వచ్చు. శవాన్ని ఇంటికి పంపుడు. ఎగతాళికి అంటలేను, గర్వపడే పనే అది. క్యాంపులో ఒకడు పొద్దున లేవలేదంటే మధ్యాహ్నానికల్లా మనకు ఫోన్ వస్తది. పోలీసు లెటర్ ఎవరు తేవాలె, డెత్ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలె, కాన్సులేట్ ఎన్‌ఓసీకి ఏ కాగితాలు కావాలె, సోనాపూర్‌లో ఎంబామింగ్ ఎప్పుడు అయితది, పెట్టె ఏ ఫ్లైట్ కార్గోలో ఎక్కుతది, శంషాబాద్ నుంచి ఊరికి అంబులెన్స్ ఎవరు మాట్లాడాలె, అన్నీ మనోళ్ళకు నోటికొచ్చు. సాయంత్రానికి వాట్సాప్‌లో చందా జమైతది. నెలకు వెయ్యి దిర్హాములు సంపాదించేటోడు కూడా ఇరవై ఇస్తడు. సచ్చినోడు ఏ కులపోడు, ఏ పార్టీ అని ఎవ్వరూ అడగరు.

అదే క్యాంపులో ఒకడు బతికుండంగనే మనిషి మారిపోతే? నాలుగు రాత్రులు కన్ను మూయకుండా గోడతోని మాట్లాడితే? మెస్సులో అన్నంలో విషం కలిపిన్రని ప్లేటు ఇసిరి కొడితే? నా గురించి టీవీలో చెప్తున్నరని బెడ్డు కింద దాక్కుంటే? అప్పుడు మనకు ఏం వచ్చు?

ఫోన్ తీసి వీడియో తీసుడు వచ్చు. దానికి నవ్వే బొమ్మలు పెట్టి గ్రూపుల్లో తిప్పుడు వచ్చు. "క్యాంపులో పిచ్చోడు" అని పేరు పెట్టుడు వచ్చు. ఆ వీడియో మూడు రోజులకు ఊళ్ళో పెండ్లాం ఫోన్‌కు చేరుతది. ఆమెకు మొగని జబ్బు సంగతి డాక్టర్ చెప్పలేదు, కంపెనీ చెప్పలేదు, పక్క ఊరి పోరడు స్టేటస్ పెట్టి చెప్పిండు. ఇది మనం చేస్తున్న సమాజసేవ.

తర్వాత క్యాంప్ బాస్ వస్తడు, మందూబ్ వస్తడు. వీసా క్యాన్సల్, టికెట్, ఇద్దరు మనుషులు ఎయిర్‌పోర్టు దాక. మనోళ్ళు కూడా "ఇంటికి పంపితే మంచిదే, పెండ్లాం పిల్లల్ని చూస్తే నయమైతడు" అని తల ఊపుతరు. రూమ్‌లో బెడ్డు ఖాళీ. అందరికీ ఆ రాత్రి మంచిగ నిద్ర పడుతది.

నేను అడిగేది ఒక్కటే. ఆ టికెట్ వైద్యమా? మనకు అడ్డం తొలగించుకునుడా?

టికెట్ తర్వాత ఏమైతదో మనలో చాలామంది చూడరు, ఎందుకంటే మనం ఇక్కడనే ఉంటం. ఒక్కడే ఫ్లైట్ ఎక్కుతడు. లోపల గట్టిగ అరిస్తే, లేచి తిరిగితే దింపేస్తరు కాబట్టి, ఎట్లనో మత్తుగ ఉంచి ఎక్కిస్తరు. చేతిలో ఆస్పత్రి కాగితం ఉండదు. ఏ మందు ఇచ్చిన్రు, ఎంత ఇచ్చిన్రు, ఎన్ని రోజులు ఇచ్చిన్రు, ఇంటోళ్ళకు ఎవరూ చెప్పరు. శంషాబాద్‌లో దిగినంక ఒక్కొక్కడు బయటికి రానే రాడు, బస్టాండ్లల్ల దొరుకుతడు. ఇంటికి చేరినోణ్ణి మొదలు తీసుకపోయేది డాక్టర్ దగ్గరికి కాదు. "దుబాయ్‌లో ఎవడో బాణామతి చేసిండు" అని భూతవైద్యుని దగ్గరికి. యాట కోస్తరు, తాయెత్తు కడ్తరు, పదివేలు, ఇరవై వేలు. ఇటు వీసా కోసం తెచ్చిన అప్పు మిత్తి నడుస్తనే ఉంటది. అప్పిచ్చినోడు వాకిట్లో కూసుంటే ఏ మెదడు కుదురుకుంటది?

మొక్కులు మొక్కుకోండి, దర్గాకు పోండి, నేను వద్దనను. నేనూ కొమురెల్లి మల్లన్నకు మొక్కినోణ్ణే. కానీ మాత్ర ఆపి మొక్కుడు, గొలుసు కట్టి మొక్కుడు వేరే సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక ప్రైవేటు షెడ్డుకు అగ్గంటుకుంటే 28 మంది సచ్చిపోయిన్రు. ఉరికి తప్పించుకోలేదు, ఎందుకంటే కాళ్ళకు గొలుసులున్నయి. ఆ గొలుసులు కట్టింది పగోళ్ళు కాదు, నయమైతదని తెచ్చి దింపింది సొంతోళ్ళే. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు ఏ రూపంలోనూ కట్టొద్దని రాసింది. మన ఊళ్ళల్లో ఇంకా పశువుల కొట్టంలో తాడు కట్టి ఉంచిన ఇండ్లు ఉన్నయా లేవా, గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి.

ఇగ జబ్బు సంగతి. నేను మాట్లాడేది ఇల్లు యాదికొచ్చి ఏడ్చుడు గురించి కాదు. అది మనందరికీ ఉన్నదే, పండుగ వస్తే ఎవరికైనా దిగులైతది. నేను మాట్లాడేది స్కిజోఫ్రీనియా గురించి, బైపోలార్ గురించి. లేని మాటలు చెవిలో వినపడుడు, అందరూ కలిసి నన్ను చంపుతున్నరని గట్టి నమ్మకం కుదురుడు ఒక తీరు. నిద్ర లేకుండానే రెక్కలొచ్చినట్టు తిరుగుడు, జీతమంతా పంచిపెట్టుడు, తర్వాత నెలల తరబడి మంచంల నుంచి లేవలేకపోవుడు ఇంకో తీరు. ఇవి పిరికితనం కాదు. జిమ్‌కు పోతే, మోటివేషన్ వీడియో చూస్తే పోయేటియి కాదు. "మైండ్ స్ట్రాంగ్ చేసుకో తమ్ముడూ" అని మైకు పట్టుకొని చెప్పే అన్నలకు ఒక దండం. షుగర్ ఉన్నోనికి "రక్తం స్ట్రాంగ్ చేసుకో" అని చెప్తరా?

ఈ జబ్బులు ఎక్కువగా మొదలయ్యేది పదిహేడు పద్దెనిమిది నుంచి ముప్పై ఏండ్ల లోపు. మన పోరలు పాస్‌పోర్టు తీసుకునే వయసు సరిగ్గ అదే. అంటే కొందరికి జబ్బు మొట్టమొదటిసారి బయటపడేది ఇంట్లో కాదు, అమ్మ ముందర కాదు, ఎనిమిది మంది ఉండే రూమ్‌లో, మన ముందర. 2015–16లో నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, తీవ్రమైన మానసిక జబ్బు జీవితంలో ఎప్పుడో ఒకసారి వచ్చినోళ్ళు నూటికి 1.9 మంది అని తేలింది. అది ఇండియా లెక్క, క్యాంపు లెక్క కాదు. కానీ వెయ్యి మంది పండే క్యాంపులో అసొంటోడు ఒక్కడు కూడా లేడని ఎవడన్న చెప్తే నమ్మకండి. ఉన్నరు. దాక్కొని ఉన్నరు.

ఎందుకు దాక్కుంటున్నరంటే, వచ్చేముందు చేసే గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ జాబితాలో టీబీ, హెచ్‌ఐవీలతోపాటు మానసిక జబ్బులు కూడా ఉన్నయి. అందుకే ఊళ్ళో మూడేండ్లు మందు వాడి బాగైనోడు కూడా నోరు మూసుకొని వస్తడు. బ్యాగులో మాత్రలు పెట్టుకోవడానికి బుగులు. కొన్ని నిద్రమాత్రలు, కొన్ని మానసిక మందులు ఇక్కడికి తేవాలంటే డాక్టర్ చీటీ కావాలె, ముందు పర్మిషన్ కావాలె, లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే కేసు. ఏజెంట్ ఏం చెప్తడు? "మాత్రలు ఆపేయ్, అక్కడికి పోయినంక అన్నీ సెట్ అయితయి." ఆపుతడు. రెండు మూడు నెలలకు, ఎండాకాలంలో, పన్నెండు గంటల డ్యూటీలో, జబ్బు మళ్ళ లేస్తది. దాన్ని మనం "దుబాయ్ గాలి పడలేదు" అంటం.

గాలి కాదు. నిద్ర. బైపోలార్ ఉన్నోనికి వరుసగ నైట్ డ్యూటీలు వేసి నిద్ర చెడగొడితే జబ్బును చేత్తోని లేపినట్టే. ఎండ కూడా చిన్న సంగతి కాదు. ఈ జబ్బులకిచ్చే కొన్ని మందులు శరీరం చల్లబడే తీరును తగ్గిస్తయి. లిథియం వాడేటోడు చెమటలు కారి నీళ్ళు తాగకపోతే రక్తంలో లిథియం పెరిగి విషమైతది, చెయ్యి వణుకుతది, వాంతులైతయి, మాట తడబడుతది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక ఎండలో పని బంద్ అన్న రూలు అందరి కోసం. కానీ ఈ మందులు వాడేటోనికి అది ప్రాణం. ఫోర్‌మన్ ఆ టైంలో పని చేయించినా మనం మాట్లాడం. ఇంక మందుల సంగతి ఎవరు చెప్పాలె?

ఇక్కడ నా సంగతి చెప్పాలె, లేకపోతే "నీకేం తెలుసు" అంటరు. నాకు బైపోలార్ ఉంది. 2014ల దుబాయ్‌లనే బయటపడింది. ఐదు రాత్రులు నిద్ర లేదు, ఫోర్‌మన్ దగ్గరికి పోయి ఈ కంపెనీ నేనే కొంటా, ధర చెప్పు అన్నట. నవ్వుకోండి, ఇప్పుడు నేనూ నవ్వుకుంట. రూమ్మేట్లు నవ్వలేదు. ముగ్గురు వంతులేసుకొని నా పక్కన కూసున్నరు, ఒకడు మెట్‌పల్లి దిక్కు అన్న, ఒకడు బీహార్ అతను, ఒకడు నేపాలీ. ఆస్పత్రిలో పందొమ్మిది రోజులున్న. ముదీర్ నన్ను ఎగ్జిట్ కొట్టి పంపొచ్చు, పంపలేదు. లీవు ఇచ్చిండు, తర్వాత డే డ్యూటీ ఇచ్చిండు. ఏసీ టెక్నీషియన్‌గా ఇప్పటికీ పని చేస్తున్న, బిడ్డ పెండ్లి చేసిన, చెల్లె అప్పు తీర్చిన. ఒక్కణ్ణి ఉంచుకుంటే ఏమైతదో చెప్పడానికే ఇది రాసిన, నా గొప్పకు కాదు.

అయితే నన్ను నిలబెట్టింది ఆస్పత్రి ఒక్కటే కాదు. ఓపీ లైన్లో ఒక మలయాళీ పెద్దాయన కలిసిండు. స్టోర్ కీపర్. నా చేతిలో చీటీ చూసి తన జేబులోంచి అదే మాత్ర తీసి చూపెట్టిండు. "పన్నెండేండ్లు" అన్నడు. డాక్టర్‌కు ఆరు నిమిషాల టైం ఉంటది, ఆయనకు గంట ఉన్నది. నోరు ఎండుతది, నిమ్మకాయ ముక్క పెట్టుకో. మొదట్లో బరువు పెరుగుతది, రాత్రి పరోటాలు తగ్గించు. మంచిగ అనిపించినప్పుడే మాత్ర ఆపాలనిపిస్తది, అప్పుడు నాకు ఫోన్ చెయ్, ఆపిన తర్వాత కాదు. రక్తపరీక్ష తారీకు గోడ మీద రాసుకో. నిద్ర నాలుగు గంటలకు తగ్గిందంటే అది సంతోషం కాదు, సిగ్నల్. ఇవన్నీ ఏ పుస్తకంలోనన్నా ఉంటయేమో. కానీ అదే రోగం ఉండి, డ్యూటీ చేసుకుంట, ఇంటికి పైసలు పంపుతున్న మనిషి నోటి నుంచి వినుడు వేరే. అప్పటిదాక నేను ఇగ నా బతుకు అయిపోయిందనుకున్న. ఆయనను చూస్తే అయిపోలేదని కనపడింది, ఎవరూ చెప్పాల్సిన పని లేకుండ.

దీన్నే ఇంగ్లీషోళ్ళు పీర్ సపోర్ట్ అంటరు. నేను తోటివాళ్ళ ఆసరా అంట. ఇది కొత్త ఫ్యాషన్ కాదు. రెండు వందల ఏండ్ల కిందట పారిస్ పక్కన బిసెత్ర్ ఆస్పత్రిలో రోగుల గొలుసులు తీసేయించిన పుస్సాఁ అనేటాయన డాక్టర్ కాదు, అదే ఆస్పత్రిలో ఒకప్పుడు రోగిగ ఉన్నోడే. పాతకాలం ఎందుకు, మన క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీలో ఉగాండా పోరలు ఉంటరు గదా. వాళ్ళ దేశం కంపాలాలో బుటాబికా అని పెద్ద మానసిక ఆస్పత్రి ఉంది. అక్కడ ఒకప్పుడు పేషెంట్లుగ ఉండి కోలుకున్నోళ్ళకు ట్రైనింగ్ ఇచ్చి, కొత్తగ డిశ్చార్జ్ అయినోళ్ళ ఇండ్లకు పంపిన్రు. మనకంటే డబ్బున్న దేశం కాదు అది.

మన ఇండియాలో కూడా చూసిన్రు. తమిళనాడు, గోవా, మహారాష్ట్ర సతారాలో స్కిజోఫ్రీనియా ఉన్న 282 మందితోని ఒక పరీక్ష చేసి 2014లో లాన్సెట్ పత్రికలో వేసిన్రు. కొందరికి ఆస్పత్రి వైద్యం మాత్రమే, కొందరికి ఆస్పత్రి వైద్యంతోపాటు ఊళ్ళోని మామూలు మనుషులకు ట్రైనింగ్ ఇచ్చి ఇంటికి పంపుడు. ఇంటికి మనిషి పోయినోళ్ళకు కొంత ఎక్కువ మేలు జరిగింది. అద్భుతం జరగలేదు, కొంతనే. నేను ఆ "కొంత" అన్న మాటను దాచిపెట్టను, ఎందుకంటే మనకు అద్భుతాలు అమ్మేటోళ్ళు ఇప్పటికే ఎక్కువైన్రు. ఎన్నో ఏండ్ల జబ్బున్నోడు మాత్ర టైంకు వేసుకొని, స్నానం చేసి, నలుగురితోని మాట్లాడుతున్నడంటే ఆ కొంత ఎంత పెద్దదో ఇంట్లో చూసినోళ్ళకు తెలుసు.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తా. నాకు తెలుసు ఏమంటరో.

"మనం డాక్టర్లమా?" కాదు. కాబట్టి డోసు మార్చొద్దు, మందు ఆపమనొద్దు, నా మాత్ర నీకివ్వొద్దు. గుండెనొప్పి వచ్చినోణ్ణి ఆస్పత్రికి తీసుకపోవడానికి డాక్టర్ కావాల్నా? వెంట పోవాలె, హిందీ రానోనికి మాట తర్జుమా చెయ్యాలె, మళ్ళ ఎప్పుడు రమ్మన్నరో రాసుకోవాలె. దుబాయ్‌లో అల్ అమల్ అని మానసిక వైద్యానికే సర్కారు ఆస్పత్రి ఉన్నదని మనలో ఎంతమందికి తెలుసు? ఇన్సూరెన్స్ కార్డులో ఈ వైద్యం ఎంతవరకు ఉన్నదో ఎప్పుడన్న అడిగినమా?

"కత్తి పట్టుకుంటే ఎట్ల?" ఈ జబ్బు ఉన్నోళ్ళలో ఎక్కువమంది ఎవరినీ కొట్టరు, వాళ్ళే దెబ్బలు తింటరు. వాళ్ళ పైసలే గుంజుకుంటరు. నిజంగ ప్రాణాపాయం ఉంటే హీరోలు కావొద్దు, యూఏఈలో 999కి గాని, అంబులెన్స్‌కు 998కి గాని ఫోన్ చెయ్యాలె. కానీ మామూలుగ భయపడ్డ మనిషి ముందట పది మంది గుమిగూడి, ఫోన్లు ఎత్తి, నవ్వుకుంట నిలబడితే ఎవడైనా ఎదురు తిరుగుతడు. ఒక్కడు మాట్లాడాలె, మెల్లగ మాట్లాడాలె, మిగతావాళ్ళు అవతలికి జరగాలె. "నీకు ఎవరూ విషం పెట్టలేదు, పిచ్చిగ మాట్లాడకు" అని వాదించొద్దు. "నీకు భయమైతున్నట్టుంది, నేను ఇక్కడనే ఉంట" అంటే చాలు. ఇంకో మాట. చావాలనిపిస్తుందా అని సూటిగ అడగండి. అడిగితే లేని ఆలోచన పుడతదన్నది ఉత్త భయం. అడగకపోతేనే వాడు లోపల ఒంటరి అయితడు. అవునంటే ఒక్కణ్ణి విడిచిపెట్టొద్దు, తాళ్ళు, బ్లేడ్లు, మందు డబ్బాలు పక్కకు పెట్టి, ఆ రోజే ఆస్పత్రికి పోవాలె.

"కంపెనీకి తెలిస్తే వీసా పోతది గదా?" ఇది అసలైన ప్రశ్న. దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. పోవచ్చు. అందరికీ నా ముదీర్ లాంటోడు దొరకడు. అందుకే ఈ ఆసరాలో మొదటి రూలు నోరు. ఆ మనిషి ఒప్పుకోకుండా వాని జబ్బు పేరు రూమ్ బయటికి పోవద్దు. క్యాంప్ బాస్‌కు కాదు, వాని బావమరిదికి కూడా కాదు. ఫోటో లేదు, వీడియో లేదు, గ్రూపులో పేరు లేదు. ప్రాణం మీదికి వస్తేనే ఈ రూలు దాటాలె. సంఘం లీడర్లకు ఇది కష్టం, నాకు తెలుసు. చెక్కు ఇస్తూ ఫోటో, శవపెట్టె పక్కన ఫోటో, ఆస్పత్రి బెడ్డు పక్కన ఫోటో, ఫోటో లేని సేవ వాళ్ళకు సేవ లెక్కనే కాదు. ఈ పనిలో ఫోటో ఉండదు. అందుకే ఇప్పటిదాక ఎవరూ మొదలుపెట్టలేదని నా అనుమానం.

ఇంటికి పోవుడే మంచిదయ్యే టైములు కూడా ఉంటయి. వాడే పోతానంటడు, లేదంటే ఇక్కడ వైద్యం నడవదు. అప్పుడు పంపుదాం. కానీ పంపుడు వేరే, అప్పగించుడు వేరే. అప్పగించుడంటే, డిశ్చార్జ్ కాగితం చేతిలో ఉండాలె, మందు పేరు, డోసు ఇంటోళ్ళకు ఫోన్లో చెప్పి రాయించాలె, కనీసం నెల రోజుల మందు చీటీతో సహా ఉండాలె, వెంట ఒక మనిషి పోవాలె, శంషాబాద్‌లో సొంతోడు నిలబడాలె, దిగిన వారంలోపు ఎక్కడ చూపించాలో ముందే తెలిసుండాలె. ఎర్రగడ్డ ఉన్నది, విశాఖల మానసిక ఆస్పత్రి ఉన్నది, జిల్లా పెద్దాస్పత్రుల్లో కూడా మానసిక డాక్టర్లు ఉంటున్నరు. 2022 నుంచి టెలి మానస్ అని సర్కారు ఫోన్ ఉంది, 14416. పైసలు పడవు, తెలుగులో మాట్లాడతరు. ఇంటోళ్ళ ఫోన్లో ఆ నెంబర్ మీరే సేవ్ చేయించండి. రోజూ మాత్ర మింగనోనికి నెలకొకసారి వేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నయి, డాక్టర్‌ను అడగమనండి. జబ్బు ఏండ్ల తరబడి ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక జబ్బు కూడా వైకల్యమే, 40 శాతం గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఊళ్ళో ఇది అడిగేటోడు లేడు.

ఇప్పుడు సర్కారు ముచ్చట. గల్ఫ్‌లో సచ్చిపోయిన కార్మికుని ఇంటికి 5 లక్షలు అని తెలంగాణ సర్కారు 2024లో జీవో ఇచ్చింది. మంచిదే, కొట్లాడి తెచ్చుకున్నదే, ఆ కొట్లాటలో నేనూ ఉన్న. కానీ బతికొచ్చి, మతి చెదిరి, కొట్టంలో కూసున్నోనికి ఏమున్నది? వాని పెండ్లాం ఏ కౌంటర్ దగ్గర నిలబడాలె? సచ్చినంక వచ్చే 5 లక్షలకు క్యూ ఉన్నది, సావకుండా ఉంచే ఐదు వేల మందులకు క్యూ లేదు. ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ 2009 నుంచి ఉంది. మనం పాస్‌పోర్టు రెన్యూవల్‌కు పోయినప్పుడు, అటెస్టేషన్‌కు పోయినప్పుడు కట్టే చార్జీలోంచి జమయ్యేదే, ఎవరి జేబులోంచో ఇచ్చే దానం కాదు. కాన్సులేట్ మీటింగులకు పోయే మన లీడర్లు ఈసారి సన్మానం శాలువాలు పక్కన పెట్టి ఒక్కటి అడగాలె: జబ్బు చేసిన మనిషి వెంట పోయే ఇంకో మనిషి టికెట్‌కు ఈ ఫండ్ నుంచి పైసలు. ఒక్క టికెట్. స్టేజీ మీది లైటింగ్ ఖర్చు కన్నా తక్కువ.

ఆడోళ్ళ సంగతి చెప్పకుండా పోతే అన్యాయం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, ఒమన్‌కు ఇండ్లల్లో పనికి పోయిన మన అక్కచెల్లెండ్లకు రూమ్మేటే లేడు. తలుపు లోపల ఒక్కరే. క్యాంపులో కనీసం పక్క బెడ్డోడన్నా గుర్తుపడతడు, అక్కడ మేడమ్‌కు "పని సక్కగ చెయ్యట్లేదు" అని మాత్రమే కనపడుతది. వాళ్ళ కోసం నాకు పూర్తి దారి తెలవదు. వాయిస్ మెసేజ్‌లే వాళ్ళ కిటికీ, అది మాత్రం తెలుసు. ఆ పని చేస్తున్న అక్కలు ఎవరన్న ఈ పోస్టు చదువుతుంటే, మీరు చెప్పండి, మేము నేర్చుకుంటం.

ఇగ నేను చేస్తున్నది. మేము ఆరుగురం ఉన్నం. నలుగురికి జబ్బు ఉంది, ఇద్దరు జబ్బు ఉన్నోని అన్నదమ్ములు. నెలకు ఒక ఆదివారం సాయంత్రం కలుస్తం, క్యాంపులో కాదు, పార్కులో. చాయ్, సమోసా. ఎవడు ఎవనికి లెక్చర్ ఇవ్వడు. ఈ నెల నిద్ర ఎట్లున్నది, మాత్ర అందుతున్నదా, ఫోర్‌మన్ ఏమంటున్నడు, ఇంట్లో ఎవరన్న ఏడిపిస్తున్నరా, ఇవే ముచ్చట్లు. ప్రతి ఒక్కని దగ్గర ఒక చిన్న కాగితం ఉంటది, నాకు జబ్బు లేస్తున్నప్పుడు మొదట కనపడే మూడు గుర్తులు, అప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలె, ఏ ఆస్పత్రి, ఏ మందు పడదు. నేను మంచిగ ఉన్నప్పుడు రాసుకున్నది, కాబట్టి నేను బాగలేనప్పుడు వేరేటోడు నా మాటనే నాకు వినిపిస్తడు. పోయిన ఎండాకాలం ఒక తమ్ముడు ఇట్లనే ఆస్పత్రిలో చేరకుండా ఆగిండు. ఇంకొకడు ఆగలేదు, చేరిండు, కానీ ఈసారి తన కాళ్ళ మీద నడిచిపోయి చేరిండు, వీడియోలో కాదు.

సంఘాల లీడర్లకు: మీ దగ్గర మైకు ఉంది, మందూబ్‌ల నెంబర్లు ఉన్నయి, కాన్సులేట్‌లో పరిచయం ఉంది. అవి ఇవ్వండి. కానీ మా దాంట్లకు ప్రెసిడెంటు కావడానికి రాకండి. ఇది జబ్బు ఉన్నోళ్ళు నడిపేది. మా గురించి మీరు స్టేజీ మీద మాట్లాడుడు వేరే, మేము మాట్లాడుడు వేరే.

ఆ వీడియోలు మీ ఫోన్లల్ల ఉన్నయి. ఈ పోస్టు చదివినంక గ్యాలరీ తెరిచి డిలీట్ కొట్టండి. గ్రూప్ అడ్మిన్లు అయితే, రేపటి నుంచి అసొంటి వీడియో పెట్టినోణ్ణి గ్రూపు నుంచి తియ్యండి, మా జిల్లావోడు, మా పార్టీవోడు అని చూడకండి.

కింద కామెంట్లలో ఎవరి పేరూ రాయకండి, "మా రూమ్‌లో కూడా ఫలానా వాడు ఉన్నడు" అని ట్యాగ్ చెయ్యకండి. నీకే ఉంటే, నీ తమ్మునికి ఉంటే ఇన్‌బాక్స్‌లో రాయి. ఉత్త "అన్నా" అని పెట్టినా చాలు. షార్జా, అజ్మాన్ దిక్కు ఉన్నోళ్ళకు వచ్చే ఆదివారం ఎక్కడ కలిసేది చెప్తా. అబుదాబి ముసఫ్ఫాలో ఇద్దరు తయారుగ ఉన్నరు, మూడోవాడు దొరికితే అక్కడ కూడా మొదలైతది. డే డ్యూటీలో ఫోన్ లాకర్‌లో ఉంటది, జవాబు రాత్రి ఎనిమిది తర్వాత ఇస్తా. పదింటికి నేను మాత్ర వేసుకొని పండుకుంట, ఆ తర్వాత రాస్తే పొద్దున చూస్తా. ప్రాణం మీదికి వచ్చిన సంగతైతే నా జవాబు కోసం ఆగకండి, 998కి ఫోన్ చెయ్యండి.